పదహారు గోల్స్ పడిన జట్టుకు కెప్టెన్

2022 అక్టోబర్ 11 రాత్రి భువనేశ్వర్‌లోని కళింగ స్టేడియంలోకి భారత బాలికల ఫుట్‌బాల్ జట్టు అడుగుపెట్టింది. అందరికంటే ముందు నడిచిన అమ్మాయి పేరు అస్తం ఓరాన్. ఊరు జార్ఖండ్ రాష్ట్రం గుమ్లా జిల్లాలోని గోర్రాటోలి. మహిళల అండర్-17 ప్రపంచ కప్‌లో భారత్ ఆడిన మొట్టమొదటి ఆట అది. కెప్టెన్ ఒక ఆదివాసీ రైతుకూలీ ఇంటి బిడ్డ. ఎదుట అమెరికా. ఆట ముగిసేసరికి స్కోరు 8–0.

మూడు రోజుల తర్వాత మొరాకో చేతిలో 3–0. అక్టోబర్ 17న బ్రెజిల్ చేతిలో 5–0. మూడు ఆటల్లో మన జట్టుకు పడిన గోల్స్ 16, మనవాళ్లు వేసినవి సున్నా. లెక్క ఇంతే. దాన్ని తగ్గించి చెప్పే ఉద్దేశం మాకు లేదు.

మరి ఈ ప్రత్యేక సంచికలో గెలిచినవాళ్ల కథ రాయకుండా ఈ జట్టు కథ ఎందుకు అని మాలోనే కొందరు అడిగారు. గెలిచినవాళ్ల ఫొటోలు మీ ఫోన్లలో ఇప్పటికే ఉన్నాయి. ఈ జట్టు అంత దూరం ఎలా వచ్చింది, వచ్చాక ఎందుకు నిలబడలేకపోయింది అన్నదే మన పిల్లలకు ఎక్కువ పనికొచ్చే చరిత్ర అని మేము అనుకున్నాం.

ముందుగా ఈ పోటీ సంగతి. దేశాల జట్లతో, వయసు పరిమితితో జరిగే ఈ పోటీకి మూలం సింగపూర్‌లో ఉంది. 1977లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం పదహారేళ్ల లోపు అబ్బాయిల కోసం లయన్ సిటీ కప్ అనే టోర్నీ మొదలుపెట్టింది. దాన్ని చూసి ఫిఫా 1985లో చైనాలో అండర్-16 ప్రపంచ పోటీ పెట్టింది. బీజింగ్‌లో జరిగిన ఆ ఫైనల్‌లో నైజీరియా 2–0తో పశ్చిమ జర్మనీని ఓడించింది. పెద్దల పురుషుల ప్రపంచ కప్‌ను యూరప్, దక్షిణ అమెరికా తప్ప మరొకరు గెలిచింది లేదు. పిల్లల కప్‌ను మాత్రం మొదటిసారే ఒక ఆఫ్రికా దేశం ఎత్తుకుపోయింది. పదహారేళ్ల వయసులో దేశాల మధ్య తేడా ఇంకా అంతగా ముదరదని మాకు అనిపించేది అందుకే. 1991లో ఇది అండర్-17 అయింది. అమ్మాయిలకు మాత్రం ఈ పోటీ రావడానికి 2008 దాకా పట్టింది. న్యూజిలాండ్‌లో జరిగిన ఆ మొదటి పోటీలో ఉత్తర కొరియా గెలిచింది. అబ్బాయిలకూ అమ్మాయిలకూ మధ్య 23 ఏళ్ల ఎడం. ఈ ఎడాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

మన దేశం 2017లో అబ్బాయిల పోటీకి ఆతిథ్యం ఇచ్చింది. ఢిల్లీలో కొలంబియా మీద మణిపూర్ కుర్రాడు జీక్సన్ సింగ్ తల ఆడించి వేసిన గోల్, ఫిఫా ప్రపంచ కప్ పోటీల్లో భారత్ వేసిన తొలి గోల్. ఆ ఆట 2–1తో ఓడిపోయాం. మిగతా రెండూ ఓడిపోయాం. అయినా స్టేడియాలు నిండాయి. టోర్నీ మొత్తంలో 13 లక్షలకు పైగా జనం వచ్చారు. ఆ జనాన్ని చూసే అమ్మాయిల పోటీ కూడా మన దేశానికి ఇచ్చారని చెప్పవచ్చు.

ఆ పోటీ జరగాల్సింది 2020 నవంబర్‌లో. కరోనా వచ్చింది. 2021 ఫిబ్రవరికి వాయిదా వేశారు. తర్వాత అదీ రద్దు చేసి, 2022 పోటీని భారత్‌కు ఇచ్చారు. కాగితం మీద చూస్తే ఇది న్యాయంగానే ఉంది: ఆతిథ్యం పోలేదు, రెండేళ్లు జరిగింది, అంతే. కానీ అండర్-17 అనేది పెద్దల పోటీలాంటిది కాదు. 2020 పోటీకి 2003 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లు అర్హులు. 2022 పోటీకి 2005 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లు కావాలి. అంటే 2003లోనో 2004లోనో పుట్టి, శిబిరాల్లో ఏడాదికి పైగా చెమటోడ్చిన అమ్మాయిలకు ప్రపంచ కప్ వాయిదా పడలేదు, పోయింది. వాళ్లలో జార్ఖండ్, మణిపూర్ పల్లెల పిల్లలు ఉన్నారు. లాక్‌డౌన్‌లో ఇళ్లకు వెళ్లి, పొలం పనుల్లో పడి, తిరిగి పిలుపు వచ్చేసరికి వయసు దాటిపోయింది. ఏ రికార్డు పుస్తకంలోనూ వాళ్ల పేర్లు ఉండవు. వయసు పోటీ అంటే మూడు పుట్టిన ఏళ్ల వెడల్పున్న తలుపు. అది ఎవరి కోసమూ ఆగదు.

2022లోనూ గండం తప్పలేదు. ఆగస్ట్ 16న ఫిఫా భారత ఫుట్‌బాల్ సమాఖ్య మీద నిషేధం విధించింది. సమాఖ్యను నడిపించే హక్కు ఎవరిదన్న తగువు కోర్టు దాకా వెళ్లడం, పాలన బయటివాళ్ల చేతికి పోయిందని ఫిఫా అభ్యంతరం చెప్పడం దానికి కారణాలు. నిషేధం ఉంటే పోటీ ఇక్కడ జరగదు. ఆతిథ్య దేశంగా వచ్చిన మన జట్టు చోటు కూడా పోతుంది. పదకొండు రోజులకు, ఆగస్ట్ 26న నిషేధం ఎత్తేశారు. ఆ పదకొండు రోజులూ శిబిరంలో ఉన్న పిల్లలు ఏ పత్రిక చదివి ఉంటారో మనం ఊహించుకోవచ్చు. పెద్దల కుర్చీల తగువు వాళ్లది కాదు, పోయేది మాత్రం వాళ్ల ప్రపంచ కప్.

ఇప్పుడు జట్టు సంగతి. 21 మందిలో జార్ఖండ్ నుంచి ఆరుగురు: అస్తం ఓరాన్, నీతూ లిండా, అంజలి ముండా, అనితా కుమారి, పూర్ణిమా కుమారి, సుధా అంకితా తిర్కీ. మణిపూర్ నుంచి ఇంకొందరు. వాళ్లలో లిండా కోమ్ సెర్టో, బాక్సర్ మేరీ కోమ్ పుట్టిన కోమ్ తెగ బిడ్డే. ఆ ఏడాది మార్చిలో జంషెడ్‌పూర్‌లో జరిగిన దక్షిణాసియా అండర్-18 పోటీలో భారత్ గెలిచినప్పుడు అందరికంటే ఎక్కువ గోల్స్ వేసింది ఆమే. కోచ్ స్వీడన్ దేశస్థుడు థామస్ డెన్నర్‌బీ. 2011లో స్వీడన్ మహిళల జట్టును ప్రపంచ కప్‌లో మూడో స్థానానికి చేర్చిన మనిషి.

ఓరాన్, ముండా, తిర్కీ, లిండా, కోమ్. ఈ పేర్లను ఒకసారి పైకి చదవండి. ఓరాన్ల భాష కురుఖ్. అది మన గోండి, కోయ, కువి, తెలుగు భాషల కుటుంబానిదే. జార్ఖండ్ కొండల్లో ఉన్నా ద్రావిడ భాషే. అందుకే అస్తంను మేము మన కెప్టెన్ అంటున్నాం. అది ఊరికే అభిమానంతో అన్న మాట కాదు, భాషాశాస్త్రం కూడా ఆ చుట్టరికాన్ని ఒప్పుకుంటుంది.

అయితే ఒక మాట దగ్గర మేము ఆగాలనుకుంటున్నాం. ఇలాంటి పేర్లు కనిపించగానే టీవీల్లో, పత్రికల్లో ఒక పొగడ్త వస్తుంది: వీళ్ల రక్తంలోనే ఆట ఉంది, అడవి బిడ్డలు కాబట్టి పరుగు సహజంగా వస్తుంది అని. వినడానికి బాగుంటుంది. కానీ ఈ పొగడ్త వెనక ఒక మోసం ఉంది. రక్తంలోనే ఉంటే మైదానం అక్కర్లేదు, కోచ్ అక్కర్లేదు, గుడ్డూ పాలూ అక్కర్లేదు, ప్రభుత్వం ఏమీ చేయక్కర్లేదు. గుమ్లా పిల్లలు జాతీయ జట్టులోకి రావడానికి కారణం అడవి గాలి కాదు. అక్కడ బడుల్లో దశాబ్దాలుగా ఫుట్‌బాల్, హాకీ ఆడిస్తున్నారు. వాయుసేన 1960లో మొదలుపెట్టిన సుబ్రతో కప్ అనే బడుల పోటీ ఉంది. అందులో ఆడడానికి జిల్లా స్థాయి నుంచి జట్లు తయారవుతాయి. దాంట్లో అమ్మాయిలకూ విభాగం పెట్టాక వాళ్లకూ ఒక మెట్టు దొరికింది. హజారీబాగ్ లాంటి చోట్ల రాష్ట్ర ప్రభుత్వం అమ్మాయిల కోసం వసతితో కూడిన శిక్షణ కేంద్రాలు నడిపింది. తిండి, పడక, బడి, మైదానం ఒకే చోట. పది పన్నెండేళ్ల పిల్ల ఇంట్లో కట్టెలూ నీళ్లూ మోసే పని నుంచి బయటపడి రోజూ రెండు పూటలా బంతి ఆడాలంటే అదొక్కటే దారి. అస్తం ఆ దారినే వచ్చింది. మన గురుకులాల్లో చదువుతున్న మీకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆదివాసీ కెప్టెన్ అన్నది కూడా కొత్త సంగతి కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన హాకీ జట్టుకు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతుగా మనకు ఆయన్ను తెలుసు. ఆటగాడిగా తెలిసినవాళ్లు తక్కువ. స్వాతంత్ర్యం వచ్చాక భారత ఫుట్‌బాల్ జట్టు తొలిసారి ఒలింపిక్స్‌కు వెళ్లింది 1948లో, లండన్‌కు. ఆ జట్టు కెప్టెన్ తాలిమెరెన్ ఆవో. నాగా కొండల్లోని ఆవో తెగ మనిషి, కలకత్తాలో డాక్టర్ చదువు చదువుతూ మోహన్ బగాన్‌కు ఆడినవాడు. జట్టులో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఫ్రాన్స్ చేతిలో 2–1తో ఓడారు, అదీ రెండు పెనాల్టీలు పోగొట్టుకున్నాక. ఆవో తర్వాత కొండలకు తిరిగి వెళ్లి డాక్టర్‌గా పనిచేశాడు. 1948లో ఆవో, 2022లో అస్తం. మధ్యలో 74 ఏళ్లు. ఆవోకు ఉన్నది చదువు, కలకత్తా క్లబ్బు. అస్తంకు ఉన్నది ప్రభుత్వ హాస్టల్. ఇద్దరికీ ఇంటి నుంచి చాలా దూరం పోతే గానీ ఆట దొరకలేదు.

యువ జట్ల చరిత్రలో మన తెలుగు నేలకూ ఒక పేజీ ఉంది. 1974లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా యూత్ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో భారత్, ఇరాన్ 2–2తో సమంగా నిలిచి కప్పును పంచుకున్నాయి. ఆ భారత జట్టు కెప్టెన్ హైదరాబాద్ కుర్రాడు షబ్బీర్ అలీ. ఆ స్థాయిలో ఆసియా కప్పు మన దేశానికి ఇప్పటికీ అదొక్కటే. అప్పట్లో హైదరాబాద్ దేశానికి ఆటగాళ్లను, రహీమ్ సాబ్ లాంటి కోచ్‌ను ఇచ్చిన ఊరు. కానీ ఆ ఆట నగరం మైదానాలు దాటి, పోలీసు జట్లూ కాలేజీలూ దాటి ఉట్నూరు దాకానో పాడేరు దాకానో రాలేదు. ఈరోజు ఏ ఏజెన్సీ ఊరికి వెళ్లినా వాలీబాల్ నెట్టు కట్టి ఉంటుంది. ఫుట్‌బాల్ గోల్ స్తంభాలు వెతికితే గానీ కనిపించవు. వాలీబాల్‌కు చదును చేసిన కాస్త జాగా చాలు. ఫుట్‌బాల్‌కు ఎకరంన్నర పైగా కావాలి. కొండవాలు ఊళ్లకు అది చిన్న విషయం కాదు.

మళ్లీ భువనేశ్వర్‌కు వద్దాం. అమెరికా ఆటలో సగం సమయానికే స్కోరు 5–0. మన పిల్లలు బంతిని పట్టుకోలేకపోయారు అనడం కంటే, బంతి దగ్గరికి చేరేలోపే అది ఇంకెక్కడో ఉండేది అనడం సరిగ్గా ఉంటుంది. పరుగులో తేడా కొంత ఉంది. అంతకంటే ఎక్కువ తేడా తల పైకెత్తి చూడడంలో ఉంది. అమెరికా అమ్మాయిలు బంతి రాకముందే ఎటు ఇవ్వాలో చూసి పెట్టుకుంటారు. మనవాళ్లు బంతి వచ్చాక వెతుక్కున్నారు. అది ఒక్క శిబిరంలో వచ్చే విద్య కాదు, వందల ఆటల్లో ఒంటికి పట్టేది.

రెండో ఆట మీరు దొరికితే పూర్తిగా చూడండి. ఎనిమిది గోల్స్ తిన్న మూడు రోజులకు అదే మైదానంలో మొరాకోతో. మొదటి నలభై ఐదు నిమిషాలు ఒక్క గోల్ పడలేదు. అస్తం ఎడమ వైపు కాపు కాసింది. వరుస చెదరలేదు, ఒకరు ముందుకు పోతే ఇంకొకరు వెనక్కి వచ్చారు. నిజంగా ఆట ఆడారు. రెండో సగం మొదట్లో పెనాల్టీ పడింది, దాంతో కట్ట తెగింది, 3–0. మొరాకోకూ ఈ స్థాయి ప్రపంచ కప్ అదే మొదటిసారి. మనం ఆ ఆట గెలిచేవాళ్లం అని అనం. కానీ ఆ నలభై ఐదు నిమిషాలు చూసినవాళ్లెవరూ ఈ పిల్లలకు ఆట రాదు అనలేరు.

మరి తేడా ఎక్కడ? అమెరికాలో 1972లో ఒక చట్టం వచ్చింది, టైటిల్ నైన్ అంటారు. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడా మగా తేడా చూపకూడదన్నది దాని సారం. దాంతో బడులూ కాలేజీలూ అమ్మాయిలకూ జట్లు పెట్టాల్సి వచ్చింది. ఆ యాభై ఏళ్ల ఫలితమే కళింగ స్టేడియంలో మన మీద పడిన ఎనిమిది గోల్స్. మన దేశంలో మహిళల జాతీయ లీగ్ మొదలైంది 2016–17లో. ఆ లీగ్ పుట్టేనాటికి అస్తం వయసు పిల్లలు బడికి పోతున్నారు. ఆమె తరం పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో ఏడాదికి ఎన్ని పోటీ ఆటలు ఆడిందో లెక్కేస్తే, ఓటమికి జవాబు అక్కడే దొరుకుతుంది. శిబిరాలు పెట్టారు, ఇటలీకీ నార్వేకీ తీసుకెళ్లి ఆడించారు. అది మంచిదే. కానీ పరీక్ష ముందు నెల ట్యూషన్ పెట్టించినట్టు ఉంటుంది ఆ పని. పై మెట్టు మీద డబ్బు పోసి కింది మెట్లు కట్టకపోవడం మనకు అలవాటే. అబ్బాయిల ప్రపంచ పోటీకీ అమ్మాయిల పోటీకీ మధ్య 23 ఏళ్ల ఎడం అన్నాం కదా. మన ఊళ్లలో ఆ ఎడం ఇంకా పెద్దది.

టోర్నీ మాత్రం మనం వెళ్లిపోయాక చాలా బాగా సాగింది. అక్టోబర్ 30న నవీ ముంబైలో స్పెయిన్ 1–0తో కొలంబియాను ఓడించింది, అదీ సెల్ఫ్ గోల్‌తో. ఓడిన కొలంబియాలో లిండా కైసెడో అనే పదిహేడేళ్ల అమ్మాయి ఆడింది. కొన్ని నెలలకే రియల్ మాడ్రిడ్ ఆమెను తీసుకుంది. తర్వాతి ఏడాది పెద్దల ప్రపంచ కప్‌లో జర్మనీ మీద ఆమె వేసిన గోల్ ప్రపంచమంతా చూసింది. ఈ చిన్న కప్పు చేసే పని ఇదే: పదిహేడేళ్ల పిల్లను ప్రపంచం ముందు నిలబెడుతుంది. నిలబడ్డాక ఆమె వెనక క్లబ్బు, లీగు ఉంటే ఆమె లిండా కైసెడో అవుతుంది. లేకపోతే ఊరికి తిరిగి వెళుతుంది.

ఊరి సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. అస్తం కెప్టెన్ అయ్యాక అధికారులు గోర్రాటోలి వచ్చారు. ఆట చూడడానికి ఇంట్లో టీవీ పెట్టించారు. ఆమె పేరు మీద ఊరికి రోడ్డు వేయడం మొదలుపెట్టారు. ఆ రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులే రోజు కూలీలుగా రాళ్లు మోశారని పత్రికలు రాశాయి. ఈ వార్తను చాలామంది హృదయం ద్రవించే కథలా చెప్పారు. మాకు అందులో కనిపించింది వేరు. కెప్టెన్ కాకపోయి ఉంటే ఆ ఊరికి రోడ్డు ఎప్పుడు వచ్చేది? మన ఊళ్లలో రోడ్డు లేక డోలీ కట్టి మోసిన గర్భిణులను చూసినవాళ్లం కాబట్టి అడుగుతున్నాం. ప్రతి ఊరికీ ఒక ప్రపంచ కప్ కెప్టెన్ పుట్టేదాకా ఆగాలా?

చివరగా మీలో ఆడాలనుకునేవాళ్లందరికీ నేరుగా తగిలే విషయం ఒకటుంది: కాగితం. వయసు పోటీల్లో ప్రతిభ కంటే ముందు అడిగేది పుట్టిన తేదీ రుజువు. పెద్ద వయసువాళ్లను చిన్నవాళ్లుగా చూపించి ఆడించే మోసం ప్రపంచమంతా ఉంది. అందుకే ఫిఫా 2009 నుంచి అబ్బాయిల అండర్-17 పోటీలో మణికట్టు ఎముకకు ఎంఆర్ఐ స్కాన్ తీయిస్తోంది. ఆ స్కాన్ పుట్టినరోజు చెప్పలేదు, ఎముక చివర పూర్తిగా కలిసిపోయిందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. మిగతా అంతా కాగితాల మీదే నడుస్తుంది.

మన ఇళ్లలో కాన్పులు ఇంట్లోనే జరిగిన రోజులు మరీ పాతవి కావు. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు పిల్లను పైనుంచి కిందికి చూసి జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేస్తారు. అన్నకూ చెల్లెలికీ మధ్య ఆరు నెలల తేడా రాసి ఉన్న రికార్డులు మన దగ్గర ఎన్నో. ఆధార్‌లో ఒక తేదీ, బడిలో ఒకటి, అంగన్‌వాడీ పుస్తకంలో ఇంకొకటి. చదువుకు ఇది ఎలాగోలా సర్దుకుంటుంది. అంతర్జాతీయ ఆటకు సర్దుకోదు, ఎందుకంటే పాస్‌పోర్ట్ కావాలి. 2013లో రాంచీ దగ్గరి పల్లెల నుంచి కొందరు అమ్మాయిలు స్పెయిన్‌లో జరిగే బాలికల టోర్నీకి వెళ్లాల్సి వచ్చింది. పుట్టిన తేదీ పత్రాల కోసం వెళ్తే తమతో నేల ఊడిపించారని, చెంపదెబ్బలు కొట్టారని ఆ పిల్లలు చెప్పిన మాటలు అప్పటి వార్తల్లో వచ్చాయి. ఆ అమ్మాయిలు ఎలాగో వెళ్లి అక్కడ ఒక కప్‌లో మూడో స్థానం సాధించుకొచ్చారు. కానీ పత్రం దొరక్క ఆగిపోయినవాళ్ల వార్త ఎవరు రాస్తారు?

1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లోపు చెబితే నమోదుకు రుసుము లేదు. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. 2023లో చట్టాన్ని సవరించి, ఆ ఏడాది అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి చేరిక మొదలు చాలా పనులకు ఈ పత్రాన్నే ఆధారం చేశారు. మీ ఇంట్లో, మీ వీధిలో పసిపిల్లలు ఉంటే ఈ పని ఇప్పుడే చేయించండి. మీకే తేదీల తేడా ఉంటే సరిచేయించడానికి నెలలు పడుతుంది. సెలెక్షన్‌కు పిలిచాక మొదలుపెడితే అందదు.

మన వైపు ఎవరూ లేరా అంటే ఉన్నారు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య పరుగు పందేలతో మొదలుపెట్టి ఫుట్‌బాల్‌కు మారింది. 2022లో క్రొయేషియా వెళ్లి డినామో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు. 2024–25కు గాను జాతీయ సమాఖ్య ఇచ్చే ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెకే వచ్చింది. ఆమె ఆడేది ముందు వరుసలో, కుడి ఎడమల అంచుల మీద. వేగం చూస్తే పందేల పిల్ల అని ఇట్టే తెలుస్తుంది.

ఇక అండర్-17 జట్టు. 2022లో మనం ఆతిథ్య దేశం కాబట్టి ఆడాం, అర్హత పోటీ గెలిచి కాదు. 2025 అక్టోబర్‌లో కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్‌లో ఆసియా కప్ అర్హత పోటీ జరిగింది. నిర్ణాయక ఆటలో ఉజ్బెకిస్థాన్ ముందు గోల్ వేసింది. మన కోచ్ సగం సమయం కాకముందే తండమోని బాస్కే అనే అమ్మాయిని దింపాడు. బాస్కే అనేది సంతాల్ గోత్రాల్లో ఒకటి. ఆమె ఒక గోల్ వేసి స్కోరు సమం చేసింది, తర్వాత అనుష్కా కుమారికి బంతి అందించి రెండోది వేయించింది. 2–1. భారత బాలికల జట్టు ఈసారి ఎవరి దయా లేకుండా, గెలిచి, 2026 ఆసియా కప్‌కు చేరింది.

ప్రపంచ కప్ కూడా మారింది. రెండేళ్లకోసారి జరిగే అమ్మాయిల అండర్-17 పోటీ 2025 నుంచి ఏటా జరుగుతోంది. జట్లు 16 నుంచి 24 అయ్యాయి. 2029 దాకా ఆతిథ్యం మొరాకోది, అక్టోబర్ 14న మనతో నలభై ఐదు నిమిషాలు సమంగా ఆడిన ఆ మొరాకోదే. 2027 పోటీకి 2010 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు అర్హులు. 2028కి 2011, 2029కి 2012.